నాలుగో తపాలా బిళ్ళ

ఉత్తరం సోమవారం వచ్చింది. నేను దాన్ని బుధవారం పొద్దున చదివాను. ఈ మధ్యలో ఏం చేశావని ఎవరైనా అడిగితే, స్టాంపు ఆరబెట్టానని చెప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్ళూ ఎవరినీ అడగనివ్వలేదు.

అప్పట్లో నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల రాతల్లో తప్పులు వెతకడమే నా బతుకు. పెళ్ళి చేసుకోలేదు. ఒక గది, ఒక వంటమూల, కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద ఆరు ఆల్బములు. వాటిల్లో ఉన్నవన్నీ పుస్తకాల సంబంధం స్టాంపులే. రచయితల ముఖాలు, గ్రంథాలయాల భవనాలు, పాత అచ్చుయంత్రాలు, రాతప్రతుల పుటలు. పువ్వులూ పక్షులూ రైలింజన్లూ నాకక్కర్లేదు. పువ్వుల స్టాంపులు పోగేసేవాళ్ళని చూసి జాలిపడేవాణ్ణి కూడా. అంత మిడిసిపాటు.

నాకీ పిచ్చి అంటించింది మా అక్క. చిన్నప్పుడు నాన్నకొచ్చిన ఆఫీసు కవరు మీంచి ఒక రచయిత స్టాంపు కత్తిరించి, 'ఇదిగో, నీలాగే చెవులు పెద్దవి' అని నా చేతిలో పెట్టింది. అక్కడ మొదలు. తర్వాత అక్కకు పెళ్ళయింది. మూడేళ్ళకు ఆ మొగుణ్ణి వదిలేసి, పెట్టె పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. నాన్న తలుపు తియ్యలేదు. దానితో మాట్లాడినవాడు నా కొడుకు కాడన్నాడు. అక్క ఆ పెట్టెతోనే వెనక్కి తిరిగింది. నేను లోపల కిటికీ దగ్గర నిలబడి చూశాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తలుపు గడియ తియ్యడానికి చాలినంత చెయ్యే ఉంది నాకు.

ఆ తర్వాత పదకొండేళ్ళు అక్క ఉత్తరాలు రాస్తూనే ఉంది. కుట్టుమిషన్ల కంపెనీలో చేరి, ఊరూరా తిరిగి ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. నాలుగైదు నెలలకో ఉత్తరం, నా అచ్చాఫీసు పేరు మీద. ప్రతి కవరు మీదా ఒక పుస్తకం స్టాంపో రచయిత స్టాంపో ఉండేది. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. మొదట నాన్న భయం. నాన్న పోయాక ఐదేళ్ళు ఏ భయమూ లేదు, అయినా రాయలేదు. ఇన్నాళ్ళూ రాయనివాడు ఇప్పుడు ఏ మొహంతో రాస్తాడని ఒక సాకు, వచ్చే నెల తీరిగ్గా రాద్దామని ఇంకో సాకు. సిగ్గుపడుతూ కూర్చోవడం కూడా బద్ధకంలో ఒక రకమే.

సోమవారం వచ్చిన కవరు చూడగానే నా గుండె ఆగినంత పనయింది. ఆ మధ్య రాతప్రతుల మీద నాలుగు బిళ్ళల వరుస విడుదలైంది. కలం, రాసే చెయ్యి, పుట, కట్టిన పుస్తకం. మూడు దొరికాయి కానీ పుట దొరకలేదు. ఏడాదిన్నరగా వెతుకుతున్నాను. పాత రాతప్రతిలో లేఖకుడు ఒక వాక్యం రాయడం మరిచిపోయి, దాన్ని పక్కన ఖాళీలో ఇరికించి, ఎక్కడ చేర్చాలో చిన్న గుర్తు పెట్టిన పుట అది. ప్రూఫులు దిద్దేవాడికి అంతకన్నా ఏం కావాలి? అది అక్క కవరు మీద ఉంది. తపాలా ముద్ర కూడా మూలకు, ఈకతో రాసినట్టు, పుటకు మచ్చ లేకుండా పడింది.

ఇంటికెళ్ళాక చొక్కా కూడా విప్పలేదు. ఉత్తరం బయటికి తీసి బల్ల మీద పెట్టాను, తర్వాత చదవచ్చని. స్టాంపు చుట్టూ వేలెడు అంచు వదిలి కవరు కత్తిరించాను. స్టాంపు ఊడాలంటే గోరువెచ్చటి నీళ్ళు కావాలి. చన్నీళ్ళలో జిగురు మొండికేస్తుంది, వేణ్ణీళ్ళలో రంగు దిగుతుంది. నీళ్ళు కాచడానికి పొయ్యి వెలిగించాలి. చేతిలో మిగిలిన కవరు ముక్కనే పొడుగ్గా చుట్టి అగ్గిపుల్ల గీశాను. బాగా అంటుకుంది.

స్టాంపు గిన్నెలో తేలింది, ఊడింది, అద్దుడు కాగితాల మధ్య పడుకుంది, దాని మీద నిఘంటువు బరువెక్కింది. ఉత్తరం ఆ అద్దుడు కాగితాల కిందికి ఎలా జారిందో తెలియదు. మంగళవారం అచ్చాఫీసులో బడి పుస్తకాల హడావిడి. సాయంత్రం వచ్చి నిఘంటువు తీసి, స్టాంపును మిగతా మూడింటి పక్కన అతికించి, భూతద్దం పట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా చూసుకుంటూ కూర్చున్నాను. బుధవారం పొద్దున కాఫీ తాగుతూ బల్ల సర్దుతుంటే ఉత్తరం కనబడింది.

రెండు వైపులా కూడా లేదు, ఒక్క వైపే. కడుపులో గడ్డ ఉందన్నారట. వాళ్ళ ఊరి పెద్దాసుపత్రిలో శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషనట. ఇంటి మనిషి ఎవరైనా ఉంటే మంచిదని అంటున్నారట. చివరి నాలుగు వాక్యాలూ ఇప్పటికీ నాకు కంఠస్థం. 'నువ్వొస్తే ధైర్యంగా ఉంటుంది తమ్ముడూ. నీకు కుదరకపోతే ఏమీ అనుకోను. ఎందుకంటే నువ్వెప్పుడూ చెడ్డవాడివి కాదు, భయస్థుడివి. కానీ ఇంకెప్పుడూ ఏమీ అడగను.'

లేచి నిలబడ్డాను. వెళ్ళాలి. ఎక్కడికి?

అక్క ఉత్తరంలో ఎప్పుడూ తేదీ మాత్రమే రాసేది. అడ్రసు కవరు వెనక రాసేది, గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాను. బూడిద కూడా మిగల్లేదు. మంగళవారమే ఊడ్చి పారబోశాను, నేను శుభ్రత గల మనిషిని కదా.

పాత ఉత్తరాలన్నీ దించాను. ముప్పైకి పైనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క కవరు లేదు, అన్నీ స్టాంపుల కోసం బలయినవే. 'ఈ ఊళ్ళో నీళ్ళు ఉప్పన', 'ఇక్కడి పిల్లలు చురుకు', 'వంతెన అవతల ఇల్లు తీసుకున్నాను' అని ప్రతిదాంట్లోనూ ఉంది. ఏ ఊరో ఎందుకు రాస్తుంది? కవరు మీద ఉందిగా. ఏ తమ్ముడైనా ఒక్కసారి జవాబు రాసుంటే ఆ అడ్రసు చేతికి అలవాటయ్యేది. అప్పటికి ఇళ్ళల్లో ఫోన్లు లేవు. మా ఇద్దరికీ తెలిసిన మనిషంటూ నాన్న తర్వాత మిగల్లేదు.

సెలవు చెప్పి కుట్టుమిషన్ల కంపెనీకి పరిగెత్తాను. ఆవిడ మానేసి రెండేళ్ళయింది, సొంతంగా కుట్టుబడి పెట్టుకుంటానంది, ఎక్కడో తెలియదన్నారు. తపాలా ఆఫీసుకు వెళ్ళి, మా వైపు ఉత్తరాలు పంచే ఆయన్ని పట్టుకున్నాను. ఎవరికి వచ్చిందో చూస్తాం గానీ ఎవరు పంపారో మేమెందుకు చూస్తామయ్యా అన్నాడు. అదీ నిజమే. నేనే చూడనప్పుడు ఆయనెందుకు చూడాలి?

అప్పుడు వెలిగింది. స్టాంపుల మీద ముద్రలున్నాయి.

రెండేళ్ళలో అక్క ఆ ఊరి నుంచి పంపినవి ఆరేడు ఉండాలి. ఆల్బములు తెరిచి తేదీల వరుసలో ఏరితే నాలుగు దొరికాయి. ప్రతిదాని మీదా ముద్ర మూలకు, గీతంత పడింది. ఒకదాని మీద మొదటి అక్షరంలో సగం. ఇంకోదాని మీద ఏదో ఒత్తు. కొత్తదాని మీద చివర 'పురం' అని స్పష్టంగా ఉంది. పురాలకేం కరువా? అచ్చాఫీసులో రైళ్ళ పట్టిక అచ్చేసిన రోజుల్లో నేనే రెండొందల పురాలు దిద్దాను.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. మాతోపాటు స్టాంపుల సంఘానికి వచ్చేవాడు. ఆయన పోగేసేది స్టాంపులు కాదు, వాటి మీది తపాలా ముద్రలు. ఎంత నల్లగా, ఎంత గుండ్రంగా పడితే అంత సంబరం. మేమందరం ఆయన్ని ముద్రలాయన అనేవాళ్ళం, ఆయన నన్ను ప్రూఫులు అనేవాడు. రచయిత ముఖం మీద మసి పడ్డ స్టాంపులన్నీ నేను ఆయనకిచ్చి శుభ్రమైనవి తీసుకునేవాణ్ణి. అంతటితో ఊరుకోకుండా, కిందటి నెల సంఘంలో పదిమంది ముందు లేచి, 'పెళ్ళికూతుర్ని వదిలేసి ఆవిడ చెప్పుల ముద్రలు ఏరుకునేవాడు మన ముద్రలాయన' అన్నాను. అందరూ నవ్వారు. ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అక్క పంపినవాటిలో మసి పడ్డ రెండు మూడు కచ్చితంగా ఆయన దగ్గరే ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం రెండింటికే నాకీ సంగతి తట్టింది. ఆయన కొట్టు ముందు నుంచే రెండుసార్లు నడిచాను. లోపల ఆయన కంటికి అద్దం పెట్టుకుని ఏదో చక్రాన్ని చూస్తున్నాడు. ఏ మొహంతో వెళ్ళను? నేనే తేల్చుకుంటాను, అక్షరాల మనిషిని కదా అనుకుని ఇంటికెళ్ళి భూతద్దం పట్టుకున్నాను. సగం అక్షరానికి ఊళ్ళు అతికిస్తూ, పటం మీద గీతలు గీస్తూ, కళ్ళు మండిపోయేదాకా కూర్చున్నాను. పధ్నాలుగు ఊళ్ళు తేలాయి. పధ్నాలుగు ఊళ్ళు తిరగడానికి ఒక్క రోజుంది. అప్పుడు సిగ్గు చచ్చి పరిగెత్తితే కొట్టు మూసేసి ఉంది. ఇల్లెక్కడో నాకు తెలియదు. ఎవరి ఇల్లు తెలుసు గనక.

గురువారం ఆయన కొట్టు తలుపు తీస్తుంటేనే వెళ్ళి నిలబడ్డాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను. మొత్తం చెప్పాను, పొయ్యి సంగతితో సహా. ఆయన కొట్టు వెనక నుంచి ఒక రేకుపెట్టె తెచ్చాడు. ఏవేం స్టాంపులో గుర్తుందా అని అడిగాడు. గుడ్డి రచయిత్రిది ఒకటి, గ్రంథాలయం మెట్లది ఒకటి అన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. రెండింటి మీదా నిండు చందమామ లాంటి ముద్ర. ఊరి పేరు మొత్తం ఉంది, జిల్లా పేరుతో సహా. నా పధ్నాలుగు ఊళ్ళలో అది లేనే లేదు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

"నువ్వెప్పుడూ ముఖం చూస్తావు ప్రూఫులూ," అన్నాడాయన, పెట్టె మూస్తూ. "నేను ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తాను. అంతే తేడా. వెళ్ళు, పదకొండింటికి బండి ఉంది. నిన్న వచ్చుంటే సాయంత్రం బండి దొరికేది, ఈ రాత్రికే అక్కడుండేవాడివి."

ఆ ఆఖరి మాట ఆయన దెప్పడానికి అనలేదు. లెక్క చెప్పాడంతే. గడియారాల మనిషి.

పదకొండింటి బండి పదకొండింటికే కదిలింది. ఆ హడావిడిలో టెలిగ్రాం ఇవ్వచ్చని తట్టనే లేదు. మరునాడు పొద్దున జంక్షనులో దిగి, అక్కడ ఇంకో బండి పట్టుకుని, అది దిగి బస్సెక్కాలి. ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. అన్నీ వేళకు నడిచినా నేను చేరేది పదకొండున్నరకే. దారి పొడుగునా ఎనిమిది కావడం చూశాను, తొమ్మిది కావడం చూశాను. బస్సు కిటికీలోంచి 'అక్కా, నేను లేకుండానే ఆపరేషనుకు వెళ్ళిపో, బాగైపో' అని గొణుక్కున్నాను. పక్క సీటు పెద్దావిడ నన్ను చూసి కాస్త దూరం జరిగింది.

ఆసుపత్రి నడవాలో నర్సును పట్టుకుని అక్క పేరు చెప్పి, ఆపరేషను ఎలా జరిగిందని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ తమ్ముడు?" అంది. "అదిగో, ఆ చివర మంచం."

అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఆపరేషను గౌను వేసుకుని, జుట్టు రెండు జడలు వేసుకుని, చిన్నప్పటి బడిపిల్లలా. పదకొండేళ్ళలో సగమైపోయింది. నన్ను చూడగానే మొహం విప్పారింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఇంకా అవలేదు, ఇంకా అవలేదు అని ఒకటే సంతోషం నాకు. వేళకు అందుకున్నాననుకున్నాను.

"నువ్వొస్తావని నాకు తెలుసు," అంది అక్క, నా తల మీద చెయ్యి పెట్టి. "ఎనిమిదింటికి పిలిచారు. మా తమ్ముడు దారిలో ఉన్నాడు, ఒక్క గంట ఆగమన్నాను. తర్వాత ఇంకో గంట. డాక్టరుగారికి కోపమొచ్చి నా వంతు వేరేవాళ్ళకిచ్చేశారు. ఏం కాదులే. ఆయన మళ్ళీ మూడు వారాలకి వస్తారట, అప్పుడు చేస్తారట." నా మొహం చూసి, తనే నన్ను ఓదారుస్తున్నట్టు అడిగింది. "రైలు లేటయిందా?"



"అవునక్కా," అన్నాను. "లేటయింది."

లేచి డాక్టరు కోసం పరిగెత్తాను. ఆయన పెద్ద ఊరి నుంచి మూడు వారాలకోసారి వచ్చే సర్జను. ఆపరేషన్లు ముగించుకుని జీపెక్కబోతున్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఈ ఒక్కటీ చేసి వెళ్ళండన్నాను. చెడ్డవాడేం కాదాయన, పొద్దుటి నుంచి నాలుగు చేశాడు. సాయంత్రానికి ఇంకో ఊళ్ళో ఇంకో నలుగురు ఎదురు చూస్తున్నారన్నాడు.

"ఆవిడకు ఆలస్యం మంచిది కాదని నిన్నే చెప్పాను, ఈ పొద్దునా చెప్పాను," అన్నాడు. "మా తమ్ముడు రాకుండా ఎలా ఉంటాడండీ అంది. మీరు రాలేనని ఒక్క ముక్క రాసున్నా, ఆవిడ ఎనిమిదింటికే బల్లెక్కేది."

జీపు వెళ్ళిపోయింది. నేను ఆ దుమ్ములో నిలబడి ఉన్నాను.

ఆ మూడు వారాలూ వంతెన అవతల అక్క ఇంట్లోనే ఉన్నాను. ముందు గదిలో ఆరు కుట్టుమిషన్లు, వెనక గదిలో ఒక మంచం. వంట నేనే చేశాను. ఒకరోజు అచ్చాఫీసుకు సెలవు ఉత్తరం పంపడానికి తపాలా ఆఫీసుకు వెళ్తే, కౌంటరులో గుమాస్తా నా చెవుల వైపు చూసి, పుస్తకాల స్టాంపుల తమ్ముడు మీరేనా అన్నాడు. కొత్త స్టాంపులు వచ్చినప్పుడల్లా అక్క వచ్చి అడిగి చూసుకునేదట, రచయితలవి ఉంటే తీసి పెట్టించుకునేదట.

"అతికించాక వెళ్ళేది కాదండీ," అన్నాడతను. "ముద్ర వేసేదాకా నిలబడేది. మూలకు కొట్టండి, కొంచెమే తగలనివ్వండి, బొమ్మ పాడైతే మా తమ్ముడు బాధపడతాడు అనేది. నేను సెలవులో ఉన్నప్పుడు మాత్రం ఆవిడ మాట ఎవరూ వినేవాళ్ళు కాదు, బలంగా గుద్దేవాళ్ళు. తర్వాత నాకొచ్చి చెప్పుకునేది."

నా సెలవు ఉత్తరం మీద అతను ముద్ర వేశాడు. అలవాటు కొద్దీ మూలకే వేశాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంటికెళ్ళి అంతా చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. వెళ్ళేసరికి అక్క కుట్టు నేర్చుకునే పిల్లలతో నవ్వుతూ ఏదో చెబుతోంది. చెప్పలేకపోయాను. ఉత్తరంలో ఆవిడ రాసింది అక్షరాలా నిజం. భయస్థుణ్ణి.

మూడు వారాలకు సర్జను వచ్చాడు. ఇంటి మనిషి సంతకం పెట్టమన్న చోట పెట్టాను. గంటన్నర పడుతుందన్నారు. ఇరవై నిమిషాలకే తలుపు తెరుచుకుంది. ఆయన మాస్కు దించి, నన్ను పక్కకు పిలిచాడు. తెరిచి చూసి మళ్ళీ కుట్టేశామన్నాడు. ఆ శుక్రవారమైతే తీసేయగలిగేవాళ్ళా అని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇప్పుడు అవన్నీ ఎందుకులెండి అన్నాడు. ప్రూఫులు దిద్దేవాణ్ణి, మాటల మధ్య ఏం వదిలేశారో నాకు తెలుస్తుంది.

అక్క ఇంకో నాలుగు నెలలుంది. నేను ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోయాను. ఆ నాలుగు నెలల్లో మేం మాట్లాడుకోనిది లేదు, నాన్న గురించి, తియ్యని తలుపు గురించి, నేను రాయని ఉత్తరాల గురించి. అన్నిటికీ క్షమించింది. ఒక్కటి మాత్రం ఆవిడ క్షమించలేదు. చూడ్డానికి ఎవరొచ్చినా, పక్కింటివాళ్ళయినా, నర్సయినా, కుట్టు పిల్లలయినా, ఆ శుక్రవారం సంగతి ఎత్తితే చాలు, నీరసంలో కూడా మంచం మీంచి లేచి కూర్చునేది.

"వాడేం చేస్తాడు పాపం," అనేది. "ఉత్తరం అందిన నిమిషంలో బయల్దేరాడు. ఆ దిక్కుమాలిన రైళ్ళున్నాయే, వాటిననాలి."

పోయేదాకా అక్క రైళ్ళను తిడుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని ఊ కొడుతూనే ఉన్నాను.